ఎనిమిది వారాల తెలుగు ఎవరి ఖర్చు?

2025 చివర్లో ఒక రాత్రి మా చిన్నాన్న కూతురు అమెరికా నుంచి ఫోన్ చేసింది. బాగోగులు అడగడం అయ్యాక అసలు విషయానికొచ్చింది. "చూశావా అక్కా, నా ఒళ్లో కూచుని ఊరికే నేర్చుకోవాల్సిన తెలుగుని ఇది ఇప్పుడు వేల డాలర్లు పోసి యూనివర్సిటీలో నేర్చుకుంటుందట. నలుగురికి తెలిస్తే నన్నేమంటారు?" అంది. కోపమూ ఉంది ఆ గొంతులో, సిగ్గూ ఉంది.

వాళ్ళమ్మాయి అక్కడే పుట్టింది. చరిత్రలో పిహెచ్‌డి చేస్తోంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి రోజుల తెలుగు స్త్రీల పత్రికల మీద, 1902లో మొదలైన 'హిందూసుందరి' నుంచి 1928లో వచ్చిన 'గృహలక్ష్మి' దాకా, పని చేయాలని దాని కోరిక. తెలుగు వింటే అర్థమవుతుంది, నాలుగు మాటలు మాట్లాడుతుంది. చదవడం మాత్రం రాదు. "మా లైబ్రరీలో తెలుగు పుస్తకాలు అరలు అరలుగా ఉన్నాయి పెద్దమ్మా, అట్టల మీద పేర్లు కూడా చదవలేను" అని నాతో ఒకసారి చెప్పింది. వేసవిలో ఎనిమిది వారాల పాటు రోజూ గంటల కొద్దీ సాగే తెలుగు కోర్సులో చేరితే ఏడాది పాఠం రెండు నెలల్లో పూర్తవుతుంది. దానికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫెలోషిప్పు వస్తుందని లెక్క వేసుకుంది. 2025 సెప్టెంబరులో ఆ డబ్బు ఆగిపోయింది. ఫీజు, కొత్త ఊళ్ళో రెండు నెలల అద్దె, తిండి అన్నీ సొంతంగా పెట్టుకోవాలి. ఆ రెండు నెలలూ వేరే పని చేసి సంపాదించుకోవడానికీ వీలుండదు.

మా చెల్లెలికి ఏం చెప్పాలో వెంటనే తోచలేదు. "ఊరికే" అన్న దాని మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఏ భాషనైనా ఎవరు ఊరికే నేర్చుకున్నారు? తెలుగుని పాఠంగా నేర్చుకున్న బయటివాళ్ళకి ఆ డబ్బు ఎవరిచ్చారు? ఈ చరిత్ర రాసినవాళ్ళు గురువుల పేర్లు చెప్తారు, వ్యాకరణాల పేర్లు చెప్తారు. పద్దుపుస్తకం మాత్రం తెరవరు.

మొదటి పద్దు ఈస్టిండియా కంపెనీది. మద్రాసులో 1812లో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పెట్టారు. ఇంగ్లండు నుంచి దిగిన కుర్ర అధికారులకి అక్కడ తెలుగు, తమిళం మొదలైనవి నేర్పేవాళ్ళు. నేర్చుకున్నందుకు వాళ్ళే ఎదురు డబ్బు పుచ్చుకునేవాళ్ళు, పరీక్ష గట్టెక్కితే జీతం పెరిగేది. క్యాంబెల్ తెలుగు వ్యాకరణం 1816లో వచ్చింది ఆ కాలేజీ నీడనే. మన సి.పి. బ్రౌన్ 1817లో మద్రాసులో దిగి తెలుగు మొదలుపెట్టిందీ అక్కడే. తర్వాత ఆయన పండితులకి తన జేబులోంచి జీతాలిచ్చాడన్నది నిజమే, అది మనం తరచూ చెప్పుకుంటాం. ఆ జేబు నిండింది మన రైతులు కట్టిన శిస్తుతో అన్నది అంత తరచుగా చెప్పుకోం. ఆ తరగతుల్లో స్త్రీ విద్యార్థి లేదు, స్త్రీ గురువూ లేదు. ఆ కుర్రాళ్ళ ఇళ్ళలో వంటచేసిన, పిల్లల్ని పెంచిన ఆడవాళ్ళ నోటినుంచి వాళ్ళకెంత తెలుగు వచ్చిందో ఏ కాలేజీ లెక్కలోకీ ఎక్కలేదు.

వేసవి సెలవుల్లో ఒకచోట కూడి, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఒకే భాషలో బతుకుతూ నేర్చుకోవడం అన్న పద్ధతి అమెరికాలో నిలదొక్కుకోవడానికి కారణం ఒక స్త్రీ. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వాసర్ అనే ఆడపిల్లల కాలేజీలో జర్మన్ చెప్పే లిలియన్ స్ట్రోబె 1915లో వెర్మాంట్ రాష్ట్రంలోని మిడిల్‌బరీ కాలేజీలో వేసవి జర్మన్ పాఠశాల మొదలుపెట్టింది. అక్కడికొచ్చే వాళ్ళలో భాషలు చెప్పే బడిపంతులమ్మలు, పంతుళ్ళు ఎక్కువ. ఆ రోజుల్లో అమెరికా బడుల్లో టీచర్లు చాలావరకు స్త్రీలే. ఏడాది పొడుగునా పాఠాలు చెప్పి, ఆ చాలీచాలని జీతంలో మిగిల్చుకున్న దానితో వేసవిలో తామే విద్యార్థులవడం అన్నమాట. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ శత్రువుల భాష అయిపోయింది, ఆ పాఠశాల మూతపడింది. 1931లో గానీ తిరిగి తెరుచుకోలేదు. ఏ భాష నేర్చుకోవచ్చో, దేనికి డబ్బు పుడుతుందో తేల్చేది యుద్ధాలేనన్న సంగతి అప్పుడే బయటపడింది.

నలభై ఏళ్ళ తర్వాత మరో యుద్ధం ఆ డబ్బుని కుమ్మరించింది. అది ప్రచ్ఛన్న యుద్ధం. 1957 అక్టోబరులో రష్యా స్పుత్నిక్‌ని ఆకాశంలోకి పంపింది. బెదిరిపోయిన అమెరికా 1958 సెప్టెంబరులో జాతీయ రక్షణ విద్యాచట్టం చేసింది. విద్యకి ముందు 'రక్షణ' అన్న మాట ఊరికే తగిలించలేదు. ఆ చట్టంలోని ఆరో అధ్యాయం విదేశీ భాషల కోసం. అందరికన్నా ముందు డబ్బివ్వాల్సినవిగా ఆరు భాషల్ని ఎంచారు: అరబిక్, చైనీస్, హిందీ-ఉర్దూ, జపనీస్, పోర్చుగీస్, రష్యన్. తెలుగు ఆ ఆరింటిలో లేదు. కోట్లాది మంది మాట్లాడే భాష అన్నది అక్కడ కొలత కాదు. ఈ భాష రాకపోతే మనకేమైనా ముప్పా అన్నదే కొలత. డబ్బు పుచ్చుకునే విద్యార్థులు ప్రభుత్వాన్ని కూలదోసే సంస్థల్ని నమ్మబోమని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలన్నారు. హార్వర్డ్, యేల్ వంటివి అభ్యంతరం చెప్పి పథకంలోంచి తప్పుకున్నాయి. 1962లో గానీ ఆ ప్రమాణాన్ని తీసెయ్యలేదు.

ఆ చట్టంలో నేను ఆగి రెండుసార్లు చదువుకున్న వివరం ఒకటుంది. బడుల్లో భాషలు చెప్పే టీచర్ల కోసం 1959 నుంచి విశ్వవిద్యాలయాల్లో వేసవి శిక్షణ తరగతులు నడిపారు. ప్రభుత్వ బడి నుంచి వచ్చిన టీచరుకి వారానికి 75 డాలర్లు స్టైపెండ్, మీద ఆధారపడ్డ ఒక్కొక్కరికీ వారానికి ఇంకో 15 డాలర్లు. నేర్చుకోవడానికి వచ్చిన మనిషికి ఇంట్లో పిల్లలుంటారు, ముసలివాళ్ళుంటారు, వాళ్ళ కడుపులు వేసవిలోనూ నిండాలి అని ఒక యుద్ధకాలపు చట్టానికి తట్టింది! రాసినవాళ్ళు ఎవర్ని మనసులో పెట్టుకుని రాశారో చెప్పలేను. బహుశా భార్యాపిల్లలున్న మగ టీచర్నే కావచ్చు. కానీ ఇద్దరు పిల్లల తల్లి అయిన పంతులమ్మకీ ఆ ముప్ఫై డాలర్లు పనికొచ్చి ఉంటాయి. ఇదే చట్టం కింద పెద్ద చదువుల విద్యార్థులకిచ్చిన ఫెలోషిప్పు పేరు మార్చుకుంటూ మన కాలానికి 'ఫ్లాస్' అయింది. వేసవికి ఫీజు కింద 5,000 డాలర్ల దాకా, ఖర్చులకి 2,500 డాలర్లు. చాలా ఏళ్ళు ఇదే లెక్క నడిచింది. ఒంటరి కుర్రాడైనా, చంటిపిల్ల తల్లైనా ఒకటే మొత్తం. అమెరికా పౌరులకీ, అక్కడ శాశ్వత నివాసం ఉన్నవాళ్ళకీ మాత్రమే.

ఇక్కడిదాకా డబ్బు అమెరికా ప్రజల పన్నులది. మన గడపలోంచి వెళ్ళిన డబ్బు ఇంకొకటుంది. దాని గురించి చెప్పాలంటే మా అమ్మ గురించి చెప్పాలి.

1966లో నాకు ఎనిమిదేళ్ళు. హైదరాబాదులో మా సందు చివర రేషన్ షాపు. గోధుమలు వచ్చాయంటే చాలు, తెల్లవారకముందే అమ్మ సంచీ పట్టుకుని బయల్దేరేది. తను వంటకి ఇంటికెళ్ళాల్సి వస్తే నన్ను వరసలో నిలబెట్టేది. వరసంతా ఆడవాళ్ళూ పిల్లలే. అమ్మకి గోధుమ చేతికి రాలేదు. చపాతీలు అట్టల్లా వచ్చేవి, నాన్న విసుక్కునేవాడు. రాళ్ళేరి, కడిగి, ఎండబెట్టి, మరకి మోసుకెళ్ళి పట్టించి తెచ్చే పనంతా ఆమెదే. ఆ గోధుమల్ని అందరూ 'అమెరికా గోధుమలు' అనేవాళ్ళు. ఉచితంగా పంపుతున్నారనే మేమంతా అనుకున్నాం. బడుల్లో పెట్టిన పాలపొడి, ఉప్మా నూక నిజంగానే దానం. రేషన్ షాపు గోధుమలు అలా కాదు, అమ్మకం.

అమెరికా 1954లో చేసిన పి.ఎల్. 480 చట్టం కింద 1956 నుంచి మనదేశం ఆ గోధుమలు కొంది. 1966లో అయితే కరువు మూలంగా మొత్తం ధాన్యం దిగుమతి కోటి టన్నులు దాటింది, అందులో సింహభాగం అమెరికాది. ధర డాలర్లలో ఇవ్వక్కర్లేదు, రూపాయల్లోనే ఇవ్వొచ్చు. ఆ రూపాయలు అమెరికా ఖాతాలో మనదేశంలోనే జమ అయ్యేవి. చాలాభాగం మళ్ళీ మన ప్రభుత్వానికే అప్పుగా వచ్చేది. కొంత భాగం అమెరికా తన అవసరాలకి ఉంచుకునేది. ఆ అవసరాల్లో ఒకటి చదువు. నార్మన్ బ్రౌన్ అనే సంస్కృత పండితుడి చొరవతో 1961లో ఏర్పడ్డ అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్‌కి ఈ రూపాయలు పెద్ద ఆధారం. అమెరికా విద్యార్థులు మనదేశం వచ్చి భాషలు నేర్చుకునే ఏర్పాట్లు అది చేస్తుంది. వాటిలో తెలుగూ ఉంది. 1962 నుంచి అదే డబ్బుతో అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ మన పుస్తకాలూ పత్రికలూ భాషల వారీగా కొని అక్కడి విశ్వవిద్యాలయాలకి పంపింది. మా అమ్మాయి పేర్లు కూడా చదవలేని ఆ అరలు నిండడం అలా మొదలైంది.

1974లో అమెరికా రాయబారి మొయినిహాన్ పేరుకుపోయిన ఆ రూపాయల్లోంచి 1,664 కోట్లకి ఒకే చెక్కు రాసి మన ప్రభుత్వానికిచ్చాడు. అప్పటికి ప్రపంచంలో అంత పెద్ద మొత్తానికి రాసిన చెక్కు లేదని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కించారు. పేపర్లు గొప్పగా రాశాయి. మిగిలిన దాంతో అమెరికా తన ఖర్చులు ఆ తర్వాతా కొన్నేళ్ళు నడుపుకుంది.

వామపక్ష మిత్రులు ఈ కథని సామ్రాజ్యవాదపు గోధుమ రాజకీయం అని చెప్తారు. కాదనను. కానీ వాళ్ళు చెప్పే కథలో గోధుమలు ఓడలోంచి తిన్నగా దౌత్యవేత్తల బల్ల మీదికి వస్తాయి. మధ్యలో రేషన్ వరస ఉండదు. రూపాయి రూపాయీ పోపులడబ్బాలోంచి తీసి, లెక్కపెట్టి ఇచ్చిన చేతులుండవు. ఆ రూపాయల్లో కొన్ని తిరిగి తిరిగి ఎక్కడో ఒక అమెరికా విద్యార్థికి తెలుగు అక్షరాలు దిద్దించడానికి పనికొచ్చాయి. అది చెడ్డ ఖర్చని నేననను. ఆ విద్యార్థుల్లో కొందరు మన సాహిత్యాన్ని ప్రేమతో చదివారు, అనువదించారు. అమ్మని ఒక్క మాట అడిగి ఖర్చుపెట్టి ఉంటే బాగుండేది, అంతే.

ఆ తర్వాతి పద్దులో నా పేరూ ఉంది, ఉండాల్సినంతగా కాకపోయినా. 2004 వేసవిలో తెలుగు నేర్చుకోవడానికి వచ్చిన ఇద్దరు అమెరికా అమ్మాయిలు మా ఇంట్లో ఎనిమిది వారాలున్నారు. పంపిన సంస్థ పేరు ఇక్కడ అనవసరం. పొద్దున వాళ్ళు క్లాసుకి వెళ్ళేవాళ్ళు, మధ్యాహ్నం నుంచి నాతో. పుస్తకంలో 'నేను కూరగాయలు కోయుచున్నాను' అని నేర్చుకొచ్చి, వంకాయల ముందు నోరు మెదపలేకపోయేవాళ్ళు. పోపు చిటపటలాడడం, అన్నం పలుకుగా ఉండడం, పప్పు మాడు వాసన వేయడం, చారు పొంగు రావడం ఇవన్నీ నా స్టవ్ పక్కన నేర్చుకున్నారు. పక్కింటావిడ వచ్చినప్పుడు 'మీరు' ఎక్కడ, 'నువ్వు' ఎక్కడ, పనమ్మాయి వయసులో పెద్దదైనా అందరూ 'నువ్వు' అనడమెందుకు అని నిలదీశారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది. మర్నాటి నుంచి నేనే మార్చుకున్నాను. నేర్పడం రెండువైపులా జరిగింది.

చివర్లో చెక్కు వచ్చింది, మా ఆయన పేరు మీద. 'కుటుంబ యజమాని' పేరుమీదే ఇస్తారట. ఆయన ఆ ఎనిమిది వారాల్లో ఆ పిల్లలతో మాట్లాడింది ఇంగ్లీషులో. చెక్కు మీద 'వసతి, భోజనం' అని రాసి ఉంది. నేను ఫోన్ చేసి, మరి నేర్పినదానికో అని అడిగాను. "అది క్లాసులో టీచర్ల పని కదండీ, మీరు మామూలుగా మాట్లాడారంతే కదా" అన్నారు. అవును, మామూలుగానే మాట్లాడాను. వాళ్ళని అంత దూరం నుంచి రప్పించింది ఆ మామూలు మాట కోసమే కదా! క్లాసులో చెప్పిన ఇద్దరు టీచర్లూ స్త్రీలే. గంటల లెక్కన జీతం, వేసవి కాగానే పని లేదు. ఒకామె తన మూడేళ్ళ పిల్లవాణ్ణి మా ఇంట్లో వదిలి క్లాసుకి వెళ్ళేది. అదీ ఎక్కడా లెక్కకి రాలేదు.

ఇదంతా తలుచుకున్నాక మా చెల్లెలి 'ఊరికే' నాకు ఇంకోలా వినిపించింది. అది 1998లో అమెరికా వెళ్ళింది. పిల్ల పుట్టాక మూడో నెలలోనే ఉద్యోగానికి వెళ్ళింది. పిల్ల రోజంతా శిశుసంరక్షణ కేంద్రంలో. బడిలో చేరాక టీచరు "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే వెనకబడుతుంది" అంది. భర్త అదే ఆజ్ఞగా తీసుకున్నాడు. తెలుగు నేర్పడానికి దానికి ఏ ఒళ్ళు మిగిలింది, ఏ గంట మిగిలింది? మాతృభాష అని దానికి తల్లి పేరు పెట్టాం కాబట్టి, పిల్లలకి రాకపోతే తప్పూ తల్లిదే అవుతుంది. తండ్రి భాష రాలేదేం అని ఇంతవరకూ ఏ తెలుగు సభలోనూ ఎవర్నీ అడగగా నేను వినలేదు.

జనాభా లేక కాదు. అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 2010లో రెండు లక్షల పైచిలుకు ఉంటే, 2017కి నాలుగు లక్షలు దాటారు. డబ్బు లేకా కాదు. ప్రవాసుల విరాళంతో ఎమరీ విశ్వవిద్యాలయంలో తెలుగు పీఠమే ఏర్పడింది, మంచిదే. పీఠానికి పేరు పెట్టుకోవచ్చు. ఒక అమ్మాయి జూన్, జూలై నెలల ఇంటద్దెకి ఎవరి పేరు పెడతారు? అందుకే అలాంటి చిన్న ఖర్చులు ఎప్పుడూ సర్కారు ఫెలోషిప్పుల మీదే ఆధారపడ్డాయి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వెల్చేరు నారాయణరావు 1971 నుంచి దశాబ్దాలు తెలుగు చెప్పారు. 2003 నుంచి అదే మాడిసన్‌లో దక్షిణాసియా భాషల వేసవి సంస్థ నడిచింది, తెలుగూ చెప్పింది. ఇలాంటి తరగతుల్లో చేరేవాళ్ళు ఒక్కో భాషకి వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. ఇద్దరు డబ్బులేక మానుకుంటే తరగతే ఎగిరిపోవచ్చు.

ఆ సర్కారు డబ్బుకి మొదటి దెబ్బ 2011లో తగిలింది, సుమారు నలభై శాతం కోత. 2025 మార్చిలో ఈ పథకాల్ని చూసే విభాగపు ఉద్యోగుల్ని తీసేశారు. సెప్టెంబరులో 2022 నుంచి నడుస్తున్న నాలుగేళ్ళ గ్రాంట్లకి చివరి ఏడాది సొమ్ము ఇవ్వం అన్నారు. అమెరికా విదేశాంగ శాఖ 2006లో మొదలుపెట్టిన మరో వేసవి స్కాలర్‌షిప్పు ఉంది, 'కీలక భాషల' కోసం. హిందీ, ఉర్దూ, బెంగాలీ, పంజాబీలకి చోటిచ్చారు అందులో. తెలుగు లేదు. 1958 నాటి కొలతే మళ్ళీ. మనవల్ల ఎవరికీ ముప్పు లేదు కాబట్టి మన భాషకి స్టైపెండూ లేదు!

పది రోజుల తర్వాత చెల్లెలికి నేనే ఫోన్ చేశాను. ఈ చరిత్రంతా చెప్పాను. గోధుమల దాకా ఓపిగ్గా విని, "అది సరేగానీ అక్కా, ఇప్పుడు కట్టేదెవరు?" అంది. ఫీజు తను కడతానంది. ఆ మాట భర్తకి చెప్పిందే గాని అడగలేదట. అద్దెకి పిల్ల సాయంత్రాలు లైబ్రరీలో పని చేసుకుంటూ కూడబెడుతోంది. ఏదైనా తక్కువైతే నేను వేస్తానన్నాను. 2004 చెక్కు మా ఆయన అప్పుడే ఖర్చుపెట్టేశాడు కానీ, ఆ తర్వాత నా పేరుమీద నేనొక ఖాతా తెరుచుకున్నాను.

ఈలోగా పిల్ల ప్రతి ఆదివారం రాత్రి నాకు ఫోన్లో అక్షరాలు చదివి వినిపిస్తోంది. గుణింతాల దగ్గర బండి ఆగింది. పోయిన ఆదివారం పక్కనుంచి మా చెల్లెలి గొంతు వినిపించింది. "ఏత్వం కాదే, ఐత్వం" అని దిద్దుతోంది. వేసవి క్లాసు నడవాలంటే ఇంకెంతమంది చేరాలో ఆ కార్యాలయం వాళ్ళు ఇంకా చెప్పలేదట.